బెంగళూరు ఇంటి ముందు గడ్డి దుబ్బులు: ఏవి, ఎక్కడ, ఎప్పుడు

తోటలో అందం కోసం గడ్డి వేస్తానంటే అందరూ లాన్ అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. లాన్‌కు ఎప్పుడూ తడి ఉండాలి, కత్తిరింపు ఉండాలి. 2024 మార్చిలో ఇక్కడ నీళ్లకు కటకటొచ్చి, తాగునీళ్లు తోటకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని నీటి సరఫరా బోర్డు ప్రకటించింది. అప్పుడు మా వీధిలో లాన్లన్నీ చాప రంగుకు తిరిగాయి. దుబ్బుగా నిలువుగా పెరిగే గడ్డి మాత్రం కూరగాయలు కడిగిన నీళ్లతోనే నెట్టుకొచ్చింది.

గడ్డి కొనేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. అది దుబ్బు కడుతుందా, పాకుతుందా? నర్సరీలో కవర్ గాని కుండీ గాని పక్కకు వంచి అడుగు చూడండి. సన్నటి పీచువేర్లు మాత్రమే కనిపిస్తే మంచిదే. కణుపులున్న లావుపాటి తెల్లటి తీగ అడ్డంగా బయటికి పొడుచుకొస్తుంటే అక్కడే పెట్టేసి రండి. అది ఏడాది తిరిగేసరికి టైల్స్ సందుల్లోంచి పైకి లేస్తుంది. మన రెల్లుగడ్డిదీ ఇదే స్వభావం. గోదావరి లంకల్లో తెల్లగా పూసినప్పుడు ఎంత ముచ్చటగా ఉన్నా, దాని చోటు లంకలే. 30 బై 40 అడుగుల సైటు దాన్ని తట్టుకోలేదు.

లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల్లో అడిగితే ముందు చూపించేది ఊదారంగు ఫౌంటెన్ గ్రాస్. ముదురు వంగపండు రంగు ఆకు, నక్క తోకలా వంగే కంకి. మన సజ్జకు దగ్గరి చుట్టం. మంచు పడే దేశాల్లో చలికాలానికి చచ్చిపోతుంది గాని, బెంగళూరు చలి దాన్నేమీ చేయదు. ఊదారంగుదే తీసుకోండి, దానికి గింజ దాదాపు పట్టదు. పచ్చరంగుది గింజలతో ఊరంతా పాకుతుంది. హవాయి దీవుల్లో లావా నేలలను ఆక్రమించి, ఎండాకాలం మంటలకు మేతవుతున్నది అదే.

నా ఓటు మాత్రం వట్టివేరుకే. అందం కోసం ఎవరూ నాటరు, అదే నాకు ఆశ్చర్యం. ఛాతీ ఎత్తు పెరిగి, చివర్లు వంగి, గాలికి గలగలమంటుంది. వేరు అడ్డంగా పోదు, నిలువుగా మీటర్ల లోతుకు దిగుతుంది. కాంపౌండ్ గోడ పక్కన మట్టి కోసుకుపోయే చోట వరసగా నాటితే కట్టలా పట్టుకుంటుంది. వంటింటి కిటికీ కింద నిమ్మగడ్డి సరిపోతుంది, టీలోకీ పనికొస్తుంది. ఇంతకీ నిమ్మగడ్డి వేస్తే దోమలు రావనే మాట నమ్మకండి. దోమలను తరిమేది ఆ జాతి గడ్డి నుంచి తీసే నూనె, ఊరికే నిలబడ్డ మొక్క కాదు. నీడ పడే ఉత్తరం వైపు సందుకైతే మోండో గ్రాస్. పేరుకే గ్రాస్, అసలు గడ్డి కుటుంబమే కాదు.

పెళ్లి డెకరేషన్లలో చూసి, పెద్ద కుచ్చుల్లాంటి కంకులుండే పంపాస్ గడ్డి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నిండా పెరిగితే మనిషిని మించిన ఎత్తు, దానికి తగ్గ వెడల్పు, అంచులు రంపం. గేటు పక్కన పెడితే వచ్చిన చుట్టాల చేతులు గీసుకుపోతాయి.

నాటే చోటు గురించి కాస్త ఆలోచించండి. మోండోకు తప్ప మిగతా వాటికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. అంతకన్నా ముఖ్యం, సాయంత్రం మీరు కూర్చునే చోటికీ పడమటి ఎండకూ మధ్యలో దుబ్బు ఉండాలి. వెలుగు వెనకనుంచి వస్తేనే కంకి మీది నూగు మెరుస్తుంది. అదే గడ్డిని ఎండ ముందునుంచి పడే చోట పెడితే మామూలు గడ్డే.

జూన్ వానలు మొదలయ్యాక నాటడం మేలు. ఎర్రమట్టి గట్టిగా ఉంటే కాస్త ఇసుక, గుప్పెడు పశువుల ఎరువు చాలు. యూరియా జోలికి పోవద్దు, ఆకు ఏపుగా పెరిగి నేలమీద పడుకుంటుంది. పిలకల మొదలు నేల మట్టానికే ఉండాలి, లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. వట్టివేరు పిలకలైతే ఆకును జానెడు ఉంచి కోసి, మూడు నాలుగు పిలకలు కలిపి నాటండి. మొదటి రెండు మూడు నెలలు తడి ఆరనీయొద్దు. ఆ తర్వాత ఎండాకాలంలో వారానికోసారి పోస్తే చాలు.

ఏడాదికి ఒక్కటే పెద్ద పని. ఫిబ్రవరి చివర్లో, మామిడి జల్లులు పడకముందే కోత. ముందు దుబ్బును నడుము ఎత్తున పురికొసతో గట్టిగా కట్టండి. చేతికి మందపాటి గ్లవ్స్, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి, ఆకు అంచులు బ్లేడుల్లా ఉంటాయి. కట్టు కింద, నేల నుంచి జానెడు వదిలి కొడవలితో కోస్తే మొత్తం మోపుగా చేతికి వస్తుంది, చెత్త చెదరదు. కట్టకుండా కోస్తే వాకిలంతా ఊడ్చుకోవాలి. మోపును చిన్న ముక్కలు చేసి మామిడి మొదట్లో పరచండి. నిమ్మగడ్డికి, మోండోకు ఈ కోత అక్కర్లేదు. ఎండిన ఆకు లాగేస్తే సరి.

కడప జిల్లాలో కలుపు తీయించడానికే కూలి డబ్బులు కట్టీ కట్టీ విసిగిన మా అత్తయ్య ఇది చూసి, "గడ్డి పీకడానికి డబ్బులిచ్చాం గాని, కొనడానికి ఎప్పుడూ ఇవ్వలేదమ్మా" అంది. ఇప్పుడు కంకులకు వచ్చే జీనువాయి పిట్టలను చూడటానికి కుర్చీ వేసుకునేది ఆవిడే.

మూడు నాలుగేళ్లకు దుబ్బు మధ్యలో ఎండి, చుట్టూ మాత్రమే పచ్చగా మిగులుతుంది. జూన్‌లో గునపంతో పెళ్లగించి, పాత కత్తితో చీల్చి, మధ్యభాగం పారేసి అంచు పిలకలనే మళ్లీ నాటండి. కుండీల్లోవైతే ఇంకా ముందే ఈ పని చేయాలి, వేర్లు కుండీ పగలగొట్టేంతగా బిగుసుకుంటాయి.

పాముల భయం అందరూ అడుగుతారు. దుబ్బు మొదట్లో ఎండుటాకు పేరుకుంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసమే పాము వస్తుంది. కాబట్టి మొదళ్లు నెలకోసారి చిన్న కర్రతో గోకి శుభ్రం చేయండి. చెయ్యి మాత్రం పెట్టకండి.