థీసిస్‌లో లిటరేచర్ రివ్యూ (ఇంతకుముందు వచ్చిన పరిశోధనల సమీక్ష) కాపీ కాకుండా రాయడం ఎలా?

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, రిఫరెన్సులు దాచుకోవడానికి జొటేరో అనే సాఫ్ట్‌వేర్ (ఉచితమే). నోట్స్ మాత్రం చేత్తోనే రాయాలి, కంప్యూటర్‌లో అయితే కాపీ పేస్ట్ చేయకుండా ఎవరూ ఆగలేరు.

1. పరిశోధన పేపర్ మొత్తం చదవండి. అబ్‌స్ట్రాక్ట్‌తో (మొదట్లో ఉండే సారాంశంతో) సరిపెట్టుకున్నవాళ్లకి సొంతంగా చెప్పడానికి ఏమీ ఉండదు, అందుకే చివరికి కాపీ కొడతారు.

2. రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు అప్పుడే రాసుకోండి. రచయిత వాక్యాలు ఒక రంగులో, మీ ఆలోచనలు ఇంకో రంగులో.

3. సొంత మాటల్లో రాయండి. అందరూ పాడుచేసేది ఇక్కడే.

పేపర్ ఎదురుగా పెట్టుకుని ఒక్కో మాట తీసేసి దాని పర్యాయపదం పెడుతుంటారు. వాక్యం నడక, వాదన సాగిన వరుస, ఉదాహరణలు అన్నీ అసలు రచయితవే అయినప్పుడు పది మాటలు మార్చి ఏం లాభం? కింద రిఫరెన్స్ ఇచ్చాం కదా అంటారు. ఆలోచన ఎవరిదో చెప్పారు సరే, వాక్యం కూడా వాళ్లదేనని చెప్పలేదు కదా! ఇంగ్లీష్ పేపర్‌ని తెలుగు చేసి పేరు లేకుండా పెట్టుకోవడమూ దొంగతనమే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌కి దొరక్కపోయినా సరే. మాటలు మార్చిపెట్టే ఆన్‌లైన్ టూల్స్ జోలికి అసలు వెళ్లొద్దు.

పేపర్ మూసేయండి. మర్నాడు, ఆ సబ్జెక్ట్ తెలియని స్నేహితుడికి చెబుతున్నట్టు రాయండి: వాళ్లు ఏం కనుక్కున్నారు, మీ ప్రశ్నకి అందులో ఏది పనికొస్తుంది, మీరు ఎక్కడ ఒప్పుకోరు. రాయలేకపోతున్నారంటే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. రాశాక అసలు పేపర్ తెరిచి అంకెలు సరిచూడండి, వాళ్ల మాటలేమైనా అలాగే దిగాయేమో వెతకండి. రచయిత మాటే కావాలనిపిస్తే కొటేషన్ మార్కుల్లో పెట్టి పేజీ నంబరు ఇవ్వండి, అందులో తప్పేం లేదు.

4. సాఫ్ట్‌వేర్ చెక్ చివర్లోనే. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం వరకు శిక్ష లేదు, 40 వరకు అయితే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 60 వరకు అయితే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలుండదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. దాంతో అందరూ 9 శాతం వచ్చేదాకా మాటలు మారుస్తూ కూర్చుంటున్నారు. ఆ శాతం చూపేది పోలికే, దొంగతనం ఎంతో అది చెప్పదు. అందుకే రిపోర్టులో రంగు పడిన ప్రతి వాక్యాన్నీ చదివి, అది ఎవరిదో మీరే తేల్చుకోండి.

5. వేరేవాళ్ల బొమ్మలు, గ్రాఫులు వాడితే కింద వాళ్ల పేరు రాయండి. వాటినే జర్నల్‌కి పంపేటప్పుడు హక్కుదారు అనుమతి కూడా అడుగుతారు, జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి మెయిల్ ముందే పంపండి.