ప్రవాహులతో పరిచయం – 5వ పాఠం: ముందు ముఖాలు లెక్కపెట్టండి

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. బల్ల మీద అర మిల్లీమీటరు మందాన నూనె పొర ఉంది. దాని మీద 0.5 చదరపు మీటర్ల పలక. నూనె స్నిగ్ధత, అంటే పొరలు జారడాన్ని అడ్డుకునే గుణం, 0.1 పాస్కల్ సెకండ్. పలకను సెకనుకు 0.2 మీటర్ల వేగంతో లాగుతూ ఉండాలంటే ఎంత బలం కావాలి?

బల్లను అంటుకున్న నూనె కదలదు. పలకను అంటుకున్న నూనె పలకతోపాటే పోతుంది. మధ్యలోని పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారుతూ, పక్క పొరను పట్టి లాగుతుంటాయి. వేగంలో తేడాను మందంతో భాగిస్తే 0.2 ÷ 0.0005 = 400. ఇది వేగ ప్రవణత. దీన్ని స్నిగ్ధతతో గుణిస్తే షియర్ స్ట్రెస్, అంటే ఒక్కో చదరపు మీటరు మీద తలం వెంట లాగే బలం, 40 పాస్కల్స్. వైశాల్యంతో గుణిస్తే 20 న్యూటన్లు. మీకు వెయ్యి రెట్లు తక్కువ వచ్చిందా? అయితే మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచారు.

ఇప్పుడు చిన్న మార్పు. ఒక మిల్లీమీటరు ఎడంతో రెండు గోడలు, వాటి మధ్య నిండా అదే నూనె. సరిగ్గా నడిమధ్యలో అదే పలక. దాని మందాన్ని పట్టించుకోవద్దు. అదే వేగంతో లాగాలి. చాలామంది మళ్ళీ 20 అనే రాస్తారు. కానీ నూనె పలకకు రెండు పక్కలా ఉంది, రెండు ముఖాలనూ వెనక్కి లాగుతుంది. జవాబు 40 న్యూటన్లు.

పలకను ఒక గోడ వైపు జరిపి, ఒక పక్క 0.25, రెండో పక్క 0.75 మిల్లీమీటర్లు ఉండేలా చేద్దాం. ఇరుకు పక్క బలం 40 న్యూటన్లకు పెరిగింది. వెడల్పు పక్క 13.3కు తగ్గింది. మొత్తం 53.3. ఒక పక్క తగ్గినదానికంటే రెండో పక్క పెరిగిందే ఎక్కువ! నడిమధ్యలో ఉన్నప్పుడే లాగడం తేలిక. నాకు చాలా ఇష్టమైన ఫలితం ఇది. బేరింగులో ఇరుసు పక్కకు ఒరిగితే రాపిడి ఎందుకు పెరుగుతుందో ఇక్కడి నుంచే అర్థమవుతుంది.

స్నిగ్ధత పొరలు జారుతున్నప్పుడే బయటపడుతుంది. నిలకడగా ఉన్న నీటిలో షియర్ స్ట్రెస్ సున్నా. తలతన్యత, అంటే ద్రవం పైతలాన్ని బిగించి లాగే బలం, అలా కాదు, కదలని నీటిలోనూ అది పనిచేస్తూనే ఉంటుంది. లోపలి అణువును చుట్టూ ఉన్నవన్నీ లాగుతాయి. పైతలంలో ఉన్న అణువుకు పైన తోడు లేదు. అందుకే తలం వీలైనంత చిన్నగా ముడుచుకోవాలని చూస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి తలతన్యత మీటరుకు 0.073 న్యూటన్లు. గమనించండి, చదరపు మీటరుకు కాదు, మీటరుకు. ఈ బలం ఒక గీత పొడవునా లాగుతుంది. కాబట్టి ఎన్ని గీతలున్నాయో చూసుకోవాలి.

ఇది కళ్ళారా చూడాల్సిన విషయం. సన్నని తీగను నాలుగు సెంటీమీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా వంచి, మూడు దారాలతో సమంగా వేలాడదీయండి. నీటి పైతలానికి తాకించి మెల్లగా పైకెత్తండి. కన్ను నీటిమట్టానికి దించి పక్కనుంచి చూస్తే, తీగ వెంట నీరు పలుచని గోడలా లేస్తుంది. ఆ గోడకు లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి. ఇంకాస్త ఎత్తితే గోడ తెగి తీగ ఒక్కసారి ఎగురుతుంది. చుట్టుకొలత 12.6 సెంటీమీటర్లు, ముఖాలు రెండు, అంటే 25.1. దాన్ని మీటర్లలోకి మార్చి 0.073తో గుణిస్తే 0.018 న్యూటన్లు. తీగ బరువు కాక, నీరు పట్టి లాగే బలం ఇది. రెండు గ్రాముల బరువుకు కాస్త తక్కువ.

నీటిబొట్టును మనసులో సగానికి కోయండి. లోపలి అదనపు పీడనం కోత వైశాల్యం మీద తోస్తుంది, తలతన్యత అంచు పొడవునా పట్టి ఉంచుతుంది. రెండూ సమానమైతే, పీడనం = 2 × తలతన్యత ÷ వ్యాసార్ధం. అర మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బొట్టులో ఇది సుమారు 290 పాస్కల్స్. సబ్బు బుడగకు లోపలా బయటా తలాలున్నాయి కాబట్టి 2 బదులు 4 రాయాలి. నీటి లోపల ఉన్న గాలి బుడగకో? దానికి ఒకటే తలం, కాబట్టి 2. బుడగ అన్న మాట చూడగానే 4 వేసేయకండి.

ఉష్ణోగ్రత సంగతి క్లుప్తంగా: నీటిని 20 నుంచి 60 డిగ్రీలకు వేడిచేస్తే స్నిగ్ధత సగానికి పైగా పడిపోతుంది, తలతన్యత పదో వంతు మాత్రమే తగ్గుతుంది. గాలి స్నిగ్ధత మాత్రం వేడితో పెరుగుతుంది.

వచ్చే పాఠానికి మూడు లెక్కలు. రెండు గోడల మధ్య ఉన్న పలక ఒక గోడకు 0.2 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే బలమెంత? (53.3 కంటే ఎక్కువ రావాలి.) తలతన్యత 0.025 ఉన్న సబ్బునీటితో చేసిన, 2 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న బుడగలో అదనపు పీడనమెంత? గుండ్రటి తీగకు బదులు 10 సెంటీమీటర్ల తిన్నని తీగను నీటిలోంచి ఎత్తితే తలతన్యత ఎంత బలంతో పట్టి లాగుతుంది? ప్రతి లెక్కకూ ముందు బొమ్మ గీసి, ద్రవం తాకే ముఖాలకు 1, 2 అని అంకెలు వేశాకే సూత్రం రాయండి.