క్యాజువాలిటీలో ట్యూబు వేసే ముందు ఏ బ్లేడు తీయాలి?

ఊపిరి కోసం శ్వాసనాళంలోకి వేసే ట్యూబు మొదటిసారికే పడాలి. ప్రయత్నాలు పెరిగేకొద్దీ గొంతు వాస్తుంది, రక్తం కారుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. అందుకే పేషెంటును చూశాకే లారింగోస్కోప్ (గొంతు తెరిచి చూసే పరికరం) బ్లేడు ఎంచుకోవాలి.

పెద్దవాళ్లకు మామూలుగా వంపు బ్లేడు, అంటే మెకింటాష్. చాలామందికి 3వ సైజు సరిపోతుంది, పొడగరులకు 4. చెంప మీద ఆనించి చూడండి: పైపళ్ల దగ్గర మొదలైన బ్లేడు కొస కింది దవడ మూలకు చేరాలి. సందేహముంటే 4 తీయండి. దాన్ని సగమే లోపలికి పంపొచ్చు, 3ను పొడుగు చేయలేం. పొట్టి బ్లేడు వల్లెక్యులాకు (నాలుక మొదట్లోని గుంటకు) అందక నాలుకనే నొక్కుతుంది, ఎపిగ్లాటిస్ (స్వరపేటిక మీది మూత) లేవదు. పొడుగు బ్లేడు మరీ లోతుకు పోతే అన్నవాహిక కనిపిస్తుంది. చూస్తూ మెల్లగా వెనక్కి లాగితే స్వరపేటిక కళ్లబడుతుంది.

పసిపిల్లలకు తిన్నని మిల్లర్: నెలలు నిండకుండా పుడితే 0, నిండితే 1, రెండేళ్లు దాటాక 2. వాళ్ల ఎపిగ్లాటిస్ పొడుగ్గా, మెత్తగా ఉంటుంది, దాన్ని బ్లేడు కొసతోనే నేరుగా ఎత్తాలి.

పత్తి పండే మన పల్లెల నుంచి పురుగుల మందు తాగి వచ్చేవాళ్లకు నోటినిండా నురగ, చొంగ, వాంతి. గొంతును తెర మీద చూపే వీడియో బ్లేడు కెమెరా మసకబారేది ఇక్కడే. వీడియో వాడితే మెకింటాష్ వంపున్నదే వాడండి, తెర పోయినా నేరుగా చూడొచ్చు. ముందు సక్షన్ (నురగ, వాంతి పీల్చే గొట్టం) పోవాలి, దాని వెనకాలే బ్లేడు. రెండో సక్షన్ సిస్టర్ చేతిలో ఆన్‌లో ఉండాలి. తాగింది ఆర్గనోఫాస్ఫేట్ రకం మందైతే, ట్యూబు వేసే ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం చాలాసేపు దిగదు, రోకురోనియం మేలు.

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగిసినవాళ్ల సంగతి వేరు. మెడ వెనక్కి వంగదు, బలవంతంగా వంచితే వెన్నుపాముకే ప్రమాదం. తలకూ మంచానికీ మధ్య ఖాళీలో దుప్పట్లు మడిచి పెట్టి, ఎక్కువ వంపున్న వీడియో బ్లేడు తీయండి. ట్యూబు లోపలుండే తీగ, అంటే స్టైలెట్‌ను కూడా అదే వంపుకు వంచాలి. తెర మీద అంతా చక్కగా కనబడుతూనే ట్యూబు మాత్రం పోకపోవడం ఈ బ్లేడుతో మామూలే. కెమెరా మరీ దగ్గరికి వెళ్తే ట్యూబు తిరగడానికి చోటుండదు. బ్లేడును కొద్దిగా వెనక్కి తీసి, స్వరతంత్రులు తెర పైభాగంలో ఉండేలా చూడండి. ట్యూబు కొస వాటిని దాటగానే స్టైలెట్‌ను కొంచెం వెనక్కి లాగి, ట్యూబును ముందుకు జార్చండి.

65వ నంబరు హైవే మీది ప్రమాద కేసుల్లో మెడ కాలర్ ముందు భాగం విప్పి, ఒకరు తలను కదలకుండా పట్టుకోవాలి. వీడియో బ్లేడు ఉంటే అదే, లేకుంటే మెకింటాష్. ఏది తీసినా పక్కన బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ) ఉండాల్సిందే.

బ్లేడును హ్యాండిల్‌కు తగిలించి లైటు వెలిగిందో లేదో చూడండి. ఆకుపచ్చ గుర్తున్న ఫైబర్ ఆప్టిక్ బ్లేడు బల్బు రకం హ్యాండిల్ మీద వెలగదు. బల్బు రకమైతే బల్బు వదులైందేమో బిగించి చూడండి. లోపలికి పంపాక హ్యాండిల్‌ను ముందుకూ పైకీ ఎత్తాలి, పైపళ్ల మీద ఆనించి మీటితే పళ్లు విరుగుతాయి.

ట్యూబు పడకపోతే బ్యాగు, మాస్కుతో ఆక్సిజన్ ఎక్కించి, రెండోసారి ఏదో ఒకటి మార్చండి: తల పొజిషన్, బ్లేడు సైజు, రకం, లేదా వేసే మనిషి. పడిందనడానికి, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్ అలే రుజువు. మూడుసార్లకు మించి ప్రయత్నించక ఎల్‌ఎంఏ (స్వరపేటిక మీద కూర్చునే మాస్కు గొట్టం) వేయండి. దానితోనూ, మాస్కుతోనూ గాలి పోకపోతే వెంటనే స్కాల్పెల్, బూజీ, 6 నంబరు ట్యూబుతో గొంతు ముందు నుంచే దారి చేయాలి.