షూ జారుతోందా, కరుస్తోందా, ఊడుతోందా? శేషాచలం దారుల్లో ట్రైల్ షూ సమస్యలు - పరిష్కారాలు

ట్రైల్ షూ ఇబ్బంది పెడితే చాలామంది కంపెనీని తిట్టుకుంటారు, లేదా ఇంకా ఖరీదైన జత కొంటారు. మన కొండల్లో మాత్రం అసలు కారణం ఎక్కువసార్లు ఒకటే. షూ ఒక రకం నేల కోసం తయారైంది, మనం ఇంకో రకం నేల మీద పరుగెత్తుతున్నాం.

కాబట్టి ముందు మన నేల సంగతి. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్, దాని కింద గ్రానైట్. ఈ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. క్వార్ట్‌జైట్‌లో ఎక్కువ భాగం క్వార్ట్జ్ ఖనిజమే. మోస్ కాఠిన్యపు కొలతలో దాని స్థానం 7, అంటే మామూలు చాకుతో గీసినా గీత పడదు. విరిగితే అంచులు పదునుగా వస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు మన కాళ్ళ కింద ఉండేది ఈ గట్టి బండ, దాని మీద పరుచుకున్న వదులు కంకర. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడితే వంకలు పారతాయి, బండలకు పాచి పడుతుంది. లోతైన బురద మనకు తక్కువ. చాలా పేరున్న ట్రైల్ షూలు మాత్రం ఆ బురదను దృష్టిలో పెట్టుకుని చేసినవే.

అలిపిరి, శ్రీవారి మెట్టు దారులను ఈ లెక్కలో కలపడం లేదు. అవి భక్తుల దారులు, అక్కడ చాలామంది ఉత్త కాళ్ళతోనే ఎక్కుతారు. ఇక శేషాచలం ఎర్రచందనం ఉన్న రక్షిత అడవి. అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లోకే వెళ్ళండి.

తడి బండ మీద కాలు పెట్టగానే జారుతోంది

పొడి దారిలో ఏ లోపమూ లేని షూ తలకోన జలపాతం దగ్గరో, నాగలాపురం వంకల్లోనో జర్రున జారుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే, అందుకే కారణాలను ఒక్కొక్కటిగా చూడాలి.

మొదట షూ తిరగేసి లగ్స్ చూడండి. లగ్స్ అంటే సోల్ కింద ఉండే రబ్బరు పళ్ళు. ఎత్తుగా, దూరం దూరంగా ఉన్న లగ్స్ మెత్తటి మట్టిలో దిగబడి పట్టుకుంటాయి. బండలోకి ఏదీ దిగబడదు. అక్కడ పట్టు దొరికేది రబ్బరు రాయికి ఎంత మేర ఆనుతోందన్న దాన్ని బట్టే. సన్నటి ఎత్తైన పళ్ళయితే ఆనే చోటు తగ్గిపోతుంది, బరువు పడినప్పుడు అవి పక్కకు వంగుతాయి కూడా. సాలమన్ స్పీడ్‌క్రాస్ లగ్స్ సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటాయి, ఆ షూ బురద కోసం, మెత్తటి నేల కోసం చేసింది. మన బండలకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల లగ్స్, దగ్గర దగ్గరగా, పైభాగం చదునుగా ఉన్నవి మేలు.

రెండోది రబ్బరు. పట్టు విషయంలో లగ్స్ ఎత్తు కన్నా రబ్బరు రకానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇటలీకి చెందిన వైబ్రమ్ కంపెనీ చేసే మెగాగ్రిప్ రబ్బరు తడి రాళ్ళ మీద బాగా పట్టుకుంటుందని పేరు. హోకా స్పీడ్‌గోట్ వంటి షూలలో అది వస్తుంది. సోల్ మీద పసుపు రంగు అష్టభుజి గుర్తు ఉంటే వైబ్రమ్ అని అర్థం. కానీ ఆ కంపెనీవే చాలా రకాల రబ్బర్లు ఉన్నాయి, కాబట్టి మెగాగ్రిప్ అన్న పేరు కూడా వెతకండి. గుర్తు లేని షూ అయితే లగ్‌ను బొటనవేలి గోటితో నొక్కండి. కాస్త లోపలికి పోయి మెల్లగా పైకి వస్తే మెత్తటి రబ్బరు. గోరు అసలు దిగకపోతే అది ఎక్కువకాలం మన్నుతుందేమో గానీ తడి రాయి మీద నమ్మడానికి లేదు.

మూడోది షూ వయసు. కొత్త సోల్ మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, రెండు మూడు సార్లు గరుకు రోడ్డు మీద పరుగెత్తితే పోతుంది. కొత్త షూతో నేరుగా వంకలోకి దిగకండి. ఏళ్ళ తరబడి అటక మీద పడున్న షూ సంగతి ఇంకో రకం. లగ్స్ చెక్కుచెదరకపోయినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. దానికి మందు లేదు, రోడ్డు నడకకు వాడుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా దట్టమైన పాచి మీద ఏ రబ్బరూ నిలవదు. ఇది షూ అమ్మేవాళ్ళు చెప్పరు. పచ్చగా, నల్లగా మెరిసే వాలు బండ కనిపిస్తే పరుగు ఆపాల్సిందే. గరుకుగా పలుకులు తేలిన చోట అడుగు వెయ్యండి, చేతులు వాడండి. వాలు బండ మీద నిలబడే సాహసం కన్నా మోకాలి లోతు లోపు నీళ్ళలో అడుగున ఇసుక, గులకరాళ్ళు ఉన్న చోట నడవడం నయం. వంక దాటాక పొడి బండ మీద నాలుగు సార్లు సోల్ బాది, నీళ్ళు వదిలాకే వేగం పెంచండి.

దిగుతుంటే వదులు కంకర మీద కాలు కొట్టుకుపోతోంది

ఇక్కడ తప్పు షూది సగం, అడుగుది సగం. గట్టి నేల మీద గులకరాళ్ళు దొర్లుతుంటే లగ్స్‌కు దొరికేది దొర్లే రాయే. మడమ చివర ఉన్న లగ్స్ ముందుకు తిరిగి, బ్రేకు వేసేలా ఉన్నాయో లేదో చూడండి. అవి అరిగిపోయుంటే పైకి ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే బయటపడుతుంది. అడుగులు చిన్నవి చేయండి, వెనక్కి వాలకండి. వెనక్కి వాలితే బరువంతా మడమ అంచు మీద పడి అదే ముందుకు జారుతుంది.

గట్టి వాన తర్వాత తెలిసిన దారిని కూడా కొత్త దారి కిందే లెక్క వేసుకోండి. 2021 నవంబరు వరదలకు శ్రీవారి మెట్టు లాంటి కట్టిన దారే దెబ్బతిని, 2022 మే నెలలో గానీ తెరవలేదు. కాలిబాటల సంగతి వేరే చెప్పాలా?

దిగుడులో వేళ్ళు ముందుకు గుద్దుకుంటున్నాయి, గోరు నల్లబడింది

సైజు చిన్నదై ఉండొచ్చు. సైజు సరిపోయినా మడమ వదులుగా ఉండి, పాదం మొత్తం ముందుకు జారుతుండొచ్చు. ఏదో తేల్చడం సులువే. షూ వేసుకుని మెట్ల మీద నుంచి గబగబా దిగండి. మడమ పైకి లేస్తుంటే అది కట్టు సమస్య. మడమ కదలకుండానే వేళ్ళు తగులుతుంటే సైజు సమస్య.

కట్టు సమస్యకు ఖర్చు లేదు. లేసు రంధ్రాల్లో అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి జరిగి, ఎవరూ వాడని ఒక రంధ్రం ఉంటుంది. లేసును అదే వైపు ఆ రంధ్రంలోకి బయటి నుంచి దూర్చి చిన్న ఉచ్చు వదలండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడి వేయండి. చీలమండ దగ్గర బిగుస్తుంది, పాదం ముందు భాగం వదులుగానే ఉంటుంది. పాదం పైభాగం తిమ్మిరెక్కితే కింది వరసల్లో లేసు ఎక్కువ బిగించినట్టే, అక్కడ సడలించండి.

సైజు సమస్యకు కొత్త షూ తప్ప దారి లేదు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పరుగుకు వాడే సాక్సుతోనే వేసి చూడండి. నిలబడితే పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలు పొడవు, దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్ళతో తిరిగిన పాదాలు ముందు వైపు వెడల్పుగా ఉంటాయి. అలాంటివాళ్ళు ఒక సైజు పెంచితే పొడవు పెరుగుతుంది గానీ ఇరుకు పూర్తిగా తీరదు. వెడల్పు రకం అడగండి, లేదా ఆల్ట్రా లోన్ పీక్ లాగా వేళ్ళ దగ్గర విశాలంగా ఉండే షూ చూడండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవడం మరవకండి. నల్లబడ్డ గోరు కింద పోటు ఎక్కువైతే డాక్టరుకు చూపించండి.

మడమ దగ్గర, వేళ్ళ మధ్య కరుస్తోంది

బొబ్బకు మూడు కావాలి: రాపిడి, తడి, వేడి. తిరుపతి ఎండలో చివరి రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కాటన్ సాక్సు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, పాలియెస్టర్ లేదా నైలాన్ కలిసిన పరుగు సాక్సు వేసుకోండి. షూలోకి ఇసుక, చిన్న రాళ్ళు పోతుంటే చీలమండకు తొడిగే గెయిటర్ బట్ట పనికొస్తుంది. అది లేకపోతే సాక్సు కాస్త పొడవుది తీసుకోండి. మంట మొదలవగానే ఆగి టేపు వేయండి, ఇల్లు చేరాక చూద్దాం అనుకుంటే నీళ్ళ బొబ్బ అవుతుంది.

అరికాలికి రాళ్ళు గుచ్చుకుంటున్నాయి

క్వార్ట్‌జైట్ పలుకుల మీద మెత్తటి షూతో పరుగెత్తితే ఇది మామూలే. రోడ్డు షూతో కొండెక్కేవాళ్ళకు మరీ ఎక్కువ. దీనికి రెండు రకాల రక్షణ ఉంది. ఒకటి మిడ్‌సోల్ (పాదానికీ కింది రబ్బరుకూ మధ్య ఉండే నురుగు పొర) కింద పెట్టే పల్చటి గట్టి పలక, దాన్ని రాక్ ప్లేట్ అంటారు. రెండోది మందమైన నురుగు. పలక ఉన్న షూ నేలకు దగ్గరగా ఉంటుంది, కాలు మెలిపడే భయం తక్కువ, కాకపోతే కాస్త బిరుసు. మందమైన నురుగు మోకాళ్ళకు హాయి, కానీ ఎత్తు పెరిగేకొద్దీ చీలమండ బెణికే అవకాశం పెరుగుతుంది. చంద్రగిరి కోట గుట్ట లాంటి గుండ్ల మధ్య నేను పలక ఉన్నదే ఎంచుకుంటాను.

ఇదివరకు గుచ్చుకోని షూ ఇప్పుడు గుచ్చుకుంటుంటే నురుగు చచ్చిపోయింది. షూ పక్క నుంచి చూడండి, అడ్డంగా ముడతలు పడి, వేలితో నొక్కితే చెక్కలా ఉంటుంది. లోపలి అట్ట మార్చినా కొన్నాళ్ళే.

పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద పోటు వస్తుంటే, అది రాళ్ళ వల్ల కాకపోవచ్చు. పరుగు ఆపి వైద్యుణ్ణి కలవండి.

కొత్త షూ వేశాక పిక్కలు పట్టేస్తున్నాయి

డ్రాప్ చూడండి. మడమ కింద ఎత్తుకూ వేళ్ళ కింద ఎత్తుకూ ఉన్న తేడా అది. మామూలు రోడ్డు షూలో 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, స్పీడ్‌గోట్‌లో 4, 5 దాకా, ఆల్ట్రా లోన్ పీక్‌లో సున్నా. ఒక్కసారిగా పది నుంచి సున్నాకు దిగితే పిక్క, మడమ నరం లాగేస్తాయి. చదును దారిలో, తక్కువ దూరంతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో అలవాటు చేయండి.

సోల్ ఊడుతోంది, లగ్స్ తొందరగా అరిగాయి

ట్రైల్ షూ సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందంటారు. మన రాయి మీద 500 లెక్కనే నమ్ముకోండి. మెత్తటి రబ్బరు పట్టు ఇస్తుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువకాలం వస్తుంది, జారుతుంది. రెండూ ఒకే షూలో కావాలంటే దొరకదు. కొండ షూతో తారు రోడ్డు మీద తిరగకపోతే మాత్రం మెత్తటి రబ్బరుకు చాలా ఆయుష్షు మిగులుతుంది. కొండ దాకా బండి మీద వెళ్ళండి, చెప్పులతో వెళ్ళండి, అక్కడ షూ మార్చుకోండి.

సోల్ ఊడడానికి ముఖ్య కారణం వేడి. మే నెలలో మూసిన కారు డిక్కీలో షూ వదిలేయడం, తడిసిన జతను మిద్దె మీద మండుటెండలో పెట్టడం, వాషింగ్ మెషీన్‌లో వేడి నీళ్ళతో ఉతకడం, ఇవన్నీ అతుకు జిగురును సడలిస్తాయి. చల్లటి నీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు. లోపలి అట్ట తీసి, పాత పేపర్లు కుక్కి, నీడలో గాలి తగిలేలా పెట్టండి, పేపర్లు తడిశాక మార్చండి.

ముందు కొస కాస్త లేచినప్పుడే చూసుకుంటే బాగుచేయొచ్చు. మట్టి పూర్తిగా పోయేలా తుడిచి, ఆరాక, చెప్పులు కుట్టే ఆయన వాడే సొల్యూషన్ రెండు వైపులా పల్చగా రాసి, చేతికి అంటనంత ఆరనిచ్చి, అతికించి ఒక రాత్రి బరువు కింద ఉంచండి. చుట్టూ కుట్టు వేయించేవాళ్ళు ఉన్నారు. మిడ్‌సోల్ నురుగుకు కుట్టు ఆగదు, చీలుతుంది.

పైబట్ట చిటికెన వేలి దగ్గర చిరుగుతుంటే షూ ఇరుకని గుర్తు. తుమ్మ ముళ్ళకు, రేగు ముళ్ళకు చిరిగితే అది వేరు. ఆ దారుల్లో జాలీ బట్ట కన్నా ముక్కు మీద రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోండి. విరిగి సోల్‌లో ఉండిపోయిన ముల్లును వెంటనే పట్టుకారుతో లాగేయాలి, లేకపోతే నడిచేకొద్దీ లోపలికి దిగుతుంది.

నీళ్ళు చొరబడని పొర ఉన్న షూ మన వాతావరణానికి నేను సిఫారసు చేయను. వంకలో నీళ్ళు పైనుంచి లోపలికి వస్తాయి, తర్వాత బయటికి పోవు. ఎండాకాలం లోపలి చెమటా అంతే.

రెండు జతల మధ్య తేలడం లేదు

ఒక్క జతే కొనగలిగితే, మన దారులకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల లగ్స్, మెత్తటి రబ్బరు, రాక్ ప్లేట్, నీళ్ళు త్వరగా వదిలే జాలీ బట్ట ఉన్నది తీసుకోండి. రెండు నచ్చితే పాదానికి ఇరుకు కాకుండా, హాయిగా ఉన్నదాని వైపే మొగ్గండి. పట్టు తక్కువైతే అడుగు మార్చుకోవచ్చు, కరిచే షూతో మీరు కొండకే వెళ్ళరు. చెన్నైకో బెంగళూరుకో వెళ్ళినప్పుడు షాపులో వేసి చూసే వీలుంటే మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ట్యాగులు కత్తిరించకుండా ఇంట్లోనే మెట్లు ఎక్కి దిగండి, అరగంట తొడుక్కుని తిరగండి. ఎక్కడైనా నొక్కితే, సోల్‌కు మట్టి అంటకముందే వెనక్కి పంపేయండి.