ఆకురాలే కాలపు చెట్లకు వాటర్ కలర్‌లో రంగులు వేయడం ఎలా?

ఆకురాలే కాలపు చెట్టు అనగానే చాలామంది ట్యూబులోని నారింజ రంగును కాగితం నిండా పులిమేస్తారు. ఎరుపు, పసుపు వెలగాలంటే వాటి పక్కన మసక రంగు ఉండాలి. బొమ్మలో ఐదో వంతుకు మించి గాఢమైన రంగు వద్దు.

సామాను కొంచెమే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండే కాటన్ పేపర్, 12, 6 నంబర్ల రౌండ్ బ్రష్‌లు, కొమ్మలకు రిగ్గర్ (పొడవాటి సన్నటి బ్రష్), రెండు గిన్నెల నీళ్లు, పాత గుడ్డ. రంగులు నాలుగు చాలు: హాన్సా ఎల్లో, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), క్వినాక్రిడోన్ రోజ్ (గులాబీ ఎరుపు), అల్ట్రామెరైన్ బ్లూ. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు పాత రకమైతే వెలుతురుకు వెలిసిపోతుంది, కొనకండి. నారింజ, ఆకుపచ్చ, నలుపు ఈ నాలుగింటితోనే కలుపుకోవచ్చు.

పెన్సిల్‌తో మాను, గుబుర్ల హద్దులు లేతగా గీయండి. ఆకులు గీయకండి. ఆకాశం, దూరపు కొండలు ముందు వేసేయండి. దూరపు చెట్లకు నారింజలో చిటికెడు అల్ట్రామెరైన్, బాగా నీళ్లు. పూర్తిగా ఆరనివ్వండి.

ఇక దగ్గరి చెట్టు గుబురు. బొమ్మలు పాడయ్యేది ఇక్కడే, తొందరపడకండి.

12 నంబర్ బ్రష్‌తో పల్చటి పసుపు వేయండి, మధ్యమధ్య ఆకాశం కనిపించే ఖాళీలు వదలండి. అంచుల్లో బ్రష్‌ను పక్కకు వాల్చి ఈడిస్తే హద్దు విరిగి ఆకుల్లా కనిపిస్తుంది. ఇప్పుడు కాగితాన్ని కంటికి ఏటవాలుగా పట్టి చూడండి. నీరు నిలిచి కదులుతోందా? అప్పుడే రెండో రంగు వేస్తే అంతా పారి ఒకే నారింజ అవుతుంది. నీరు ఇంకి, మెరుపు మాత్రం మిగిలిందా? ఇదే సమయం. మెరుపు పోయి, చేతి వెనక వైపుతో తాకితే చల్లగా ఉందా? ఇక బ్రష్ పెట్టకండి. ఆ దశలో తడి బ్రష్ పెడితే కొత్త నీరు ఆరుతున్న రంగును అంచుకు నెట్టి కాలీఫ్లవర్ లాంటి మచ్చలు తెస్తుంది, తుడిచినా అవి పోవు. సమయం దాటిపోతే పూర్తిగా ఆరనిచ్చి, దానిమీద పల్చటి పూత వేసుకోవచ్చు.

రెండో రంగు చిక్కగా ఉండాలి. బ్రష్‌లో తడి కాగితంలో కన్నా తక్కువ ఉండాలి, అందుకే రంగు ముంచాక బ్రష్ మొదలును గుడ్డకు ఒకసారి ఒత్తండి. తాకించి ఎత్తేయండి, రుద్దవద్దు. ఒక గుబురుకు మూడు నాలుగు చోట్లు చాలు.

ఎరుపు ఎక్కడ పెట్టాలి? నీడలో పెట్టడం అందరూ చేసే తప్పు. ఆకులోని పసుపు మొదటినుంచీ ఉన్నదే, పత్రహరితం తగ్గాక బయటపడుతుంది. ఎరుపు మాత్రం ఆ కాలంలో కొత్తగా తయారవుతుంది, దానికి ఎండ కావాలి. కాబట్టి మేపుల్ చెట్టుకు ఎరుపు పైన, ఎండ తగిలే వైపు. లోపలి ఆకులు పసుపుగానో ఇంకా ఆకుపచ్చగానో ఉంటాయి. నీడకు రోజ్, అల్ట్రామెరైన్, కొద్దిగా సియెన్నా కలపండి. తడి మీద ఎరుపు, ఆకుపచ్చ తగిలితే బురద అవుతుంది, మధ్యలో వేలెడంత పసుపు ఉంచండి. తెల్లటి మాను ఉండే బర్చ్ చెట్టుకు ఎరుపే వద్దు, పసుపు మాత్రమే. ఓక్‌కు సియెన్నా ఎక్కువ.

స్పాంజితో అద్దే పద్ధతి చాలామంది నేర్పుతారు. చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో పడతాయి. గుబురుకు లోతు రాదు. దాన్ని వదిలేయండి.

అంతా ఆరాక మాను, కొమ్మలు. అల్ట్రామెరైన్, సియెన్నా కలిపిన ముదురు బూడిద రంగుతో, వదిలిన ఖాళీల్లో మాత్రమే కొమ్మలు కనిపించేలా రిగ్గర్‌తో తెంపి తెంపి గీయండి. బర్చ్ మానుకు కాగితం తెలుపునే వదిలి, వెనక ముదురు రంగు వేయండి.

రాలిన ఆకులకు చెట్టు రంగులనే కాస్త మసకబార్చి అడ్డంగా వేయండి. ముందున్న పది పన్నెండు ఆకులకే ఆకారం ఇవ్వండి.

వాటర్ కలర్ ఆరితే లేతబడుతుంది. గుబురు వెలవెలబోతే, ఎండ వైపు రోజ్, పసుపు కలిపి ఒక్క పల్చటి పూత వేయండి. రెండో పూత వేస్తే కింది పొర కదిలి మసకేయవచ్చు.