అయోవా రైతు కుటుంబం చరిత్రను పాత సెన్సస్‌లో, పాత పేపర్లలో ఎలా వెతకాలి?

మా మనవడికి స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. నాన్నవైపు ఐదు తరాలు నేనే చెప్పాను. అమ్మవైపు రెండు తరాలకే ఆగిపోయింది. మా కోడలిది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబం. "మా వాళ్లు జర్మనీ నుంచి వచ్చారట, మొక్కజొన్న, పందులు, పాడి అంతేనట" అన్నంతవరకే తనకూ తెలుసు. ఆ కాగితం ఒకవైపు బోసిగా ఉంటే నాకు మనసొప్పలేదు. ఆ చలికాలం అమెరికాలో ఉన్నన్నాళ్లూ కూర్చుని వెతికాను. మన పిల్లలు చాలామంది అక్కడి కుటుంబాలతో వియ్యమందుతున్నారు కాబట్టి నేను నేర్చుకున్నది ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికితే రైతులు దొరకరు. పక్క పొలం వాళ్లతో కలిపి వెతకాలి. నాకు ఈ సంగతి తెలియడానికి నెలరోజులు పట్టింది.

మొదట ఇంట్లో అడగండి

కంప్యూటర్ తెరవకముందే పెద్దవాళ్లతో కూర్చోండి. మా వియ్యంకుడు గారిని నేను అడిగిన మొదటి ప్రశ్న "ఏ ఊరు?" అని. అది తప్పు ప్రశ్న. అక్కడి రైతులు మనలా ఊళ్లో ఇల్లు, ఊరి బయట పొలం అన్నట్టు ఉండరు. ఎవరి పొలంలో వాళ్ల ఇల్లు. అందుకే "ఏ కౌంటీ, ఏ టౌన్‌షిప్?" అని అడగాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. టౌన్‌షిప్ అంటే మామూలుగా ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరం. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. సెన్సస్ రాసుకున్నదీ, పేపర్లో కబుర్లు వేసిందీ టౌన్‌షిప్ లెక్కనే.

కుటుంబ బైబిల్ ఉందేమో చూడండి. పుట్టిన తేదీలు, పోయిన తేదీలు ముందు పేజీల్లో రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉండేది. మా వియ్యపురాలు సొరుగులోంచి చర్చి వాళ్లు పంచిన అంత్యక్రియల కార్డులు నాలుగు తీసిచ్చారు. నాకు అవే మొదటి ఆధారం.

1950 నుంచి వెనక్కి నడవండి

అమెరికాలో సెన్సస్ పదేళ్లకోసారి, 1790 నుంచి జరుగుతోంది. ఇంటింటి వివరాలున్న కాగితాలను 72 ఏళ్ల తర్వాత అందరికీ చూపిస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. 1960వి 2032లో వస్తాయి. (మన దేశంలో 1948 నాటి సెన్సస్ చట్టం ప్రకారం ఆ కాగితాలు ఎవరికీ చూపించరు. ఇలాంటి వెతుకులాట మనకు కుదరదు కదా అని నాకు చాలాసార్లు బాధేసింది.)

1950 కాగితాలు అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. పాతవి ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి చూడొచ్చు. తెలిసిన మనిషిని 1950లో పట్టుకోండి. ఆయన్నే 1940లో, 1930లో వెతకండి. ఆయన చిన్నపిల్లాడిగా కనిపించే ఇంటికి చేరితే తల్లిదండ్రులు దొరికినట్టే. ఒక్క దశాబ్దం కూడా వదలొద్దు. దూకితే అదే పేరున్న వేరే మనిషి వెంట పడిపోతారు.

వెనక్కి వెళ్లేకొద్దీ గడులు మారతాయి. 1940లో అధికారికి జవాబులు చెప్పిన మనిషి పేరు పక్కన గుండ్రంలో ఎక్స్ గుర్తు ఉంటుంది. ఇంటావిడ చెప్పిందా, ఎవరు చెప్పారు అన్నది తెలిస్తే వయసుల్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. 1880లోనే మొదటిసారి ఇంటి యజమానికి ఎవరేమవుతారో రాశారు. 1850కి ముందైతే యజమాని పేరొక్కటే, మిగతావాళ్లంతా అంకెలే.

పేర్ల స్పెల్లింగ్ గురించి టెన్షన్ పడకండి. రాసుకునే మనిషి చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. సౌండెక్స్ అనే పాత పద్ధతిలో పేరును ఉచ్చారణను బట్టి ఒక కోడ్‌గా మారుస్తారు. ష్మిట్ అన్నా స్మిత్ అన్నా ఎస్-530 కిందికే వస్తాయి. అదీ పనిచేయకపోతే పేరు వదిలేసి టౌన్‌షిప్ పేజీలు మొదటి నుంచి చివరి దాకా తిప్పండి. గంటా రెండు గంటల పని.

అలా తిప్పేటప్పుడే కుటుంబానికి పైన పది ఇళ్లు, కింద పది ఇళ్లు ఒక కాగితం మీద రాసుకోండి. అధికారి పొలం వెంట పొలం వెళ్లాడు కాబట్టి వాళ్లే ఇరుగుపొరుగు. రెండు దశాబ్దాల తర్వాత చూస్తే వాళ్లలోనే వియ్యాలు కలిసి ఉంటాయి. మా కోడలి తాతమ్మ పుట్టిల్లు అలా రెండు ఇళ్ల అవతలే దొరికింది.

8, 5

1900 సెన్సస్‌ను మిగతావాటికంటే నెమ్మదిగా చదవండి. పుట్టిన నెల, సంవత్సరం రెండూ ఉన్న సెన్సస్ అది. అమెరికాకు వచ్చిన ఏడాది ఉంటుంది. ఇల్లు సొంతమా అద్దెకా, సొంతమైతే తాకట్టులో ఉందా అన్నదీ ఉంటుంది. పెళ్లైన ఆడవాళ్ల వరుసలో ఇంకో రెండు చిన్న గడులు కనిపిస్తాయి: ఎందరు పిల్లల్ని కన్నది, ఎందరు బతికున్నారు.

మా కోడలి ముత్తాత తల్లి వరుసలో ఆ గడుల్లో 8, 5 అని ఉంది.

మిగతా ముగ్గురి గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. 1880 తర్వాత పుట్టి 1900 లోపే పోయినవాళ్లు దేశం సెన్సస్‌లో కనిపిస్తే 1890లోనే కనిపించాలి. ఆ సెన్సస్ లేదు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనంలో మంటలు లేచాయి. కాలినవి కొన్ని, నీళ్లకు తడిసి పాడైనవి ఎన్నో. మిగిలినవాటిలో చాలావరకు తర్వాత పారేశారు. ఆరువేల చిల్లర పేర్లు తప్ప దేశం మొత్తంలో ఏమీ దక్కలేదు.

రాష్ట్రాల సెన్సస్ మరిచిపోవద్దు

ఇక్కడే మిడ్‌వెస్ట్ రాష్ట్రాలు ఆదుకుంటాయి. అయోవా 1885, 1895, 1905, 1915, 1925లలో సొంతంగా లెక్కలు రాయించింది. కాన్సాస్, మిన్నెసోటా, విస్కాన్సిన్‌లకూ ఇలాంటివి ఉన్నాయి. 1885 అయోవా లెక్కల్లో ఆ ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. 1895లో లేదు.

1915 నాటివి మనిషికొక కార్డు. ఏ చర్చి అన్నది కూడా అందులో అడిగారు. 1925 అయితే బంగారమే. ప్రతి మనిషి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా అడిగారు. 1850ల్లో జర్మనీలో పుట్టి ముసలితనంలో అయోవాలో ఉన్నవాళ్లకూ అదే ప్రశ్న. అంటే అమెరికా ఎన్నడూ చూడనివాళ్ల పేర్లు అయోవా కాగితాల్లో దొరుకుతాయి.

పొలం లెక్కలు

1850 నుంచి 1880 దాకా నాలుగుసార్లు వ్యవసాయానికి వేరే కాగితం రాశారు. దాన్ని చాలామంది చూడరు. 1880 కాగితంలో సొంత సేద్యమా, డబ్బు కౌలా, పంటలో పాలా అన్నది ఉంటుంది. సాగు భూమి, గుర్రాలు, పాడి ఆవులు, కూలీలకిచ్చిన డబ్బు, కిందటి ఏడాది తీసిన వెన్న, కోడిగుడ్లు కూడా ఉంటాయి. మా వాళ్లు అప్పుడు పంటలో పాలుకే సేద్యం చేసేవాళ్లు. 1900కి సొంత పొలం, దాని మీద తాకట్టు. ఆ ఇరవై ఏళ్లు వాళ్లెంత కష్టపడి ఉంటారో వియ్యంకుడు గారికి నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ఆ రెండు కాగితాలూ చాలాసేపు చేతిలో పట్టుకున్నారు.

1900, 1910 వ్యవసాయ కాగితాలను ప్రభుత్వమే తీసేయించింది. వాటి కోసం వెతకొద్దు.

పేపర్లు: పేరు కాదు, పొరుగు

అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారి పాత పేపర్ల వెబ్‌సైట్ క్రానిక్లింగ్ అమెరికా ఉచితం. ఇల్లినాయ్, ఇండియానాలకు సొంత డిజిటల్ సేకరణలున్నాయి. అయోవాలో చాలా చిన్న ఊళ్ల లైబ్రరీలు తమ వారపత్రికల్ని నెట్‌లో పెట్టాయి. కౌంటీ కేంద్రంలోని లైబ్రరీకి ఒక ఈమెయిల్ రాసి అడగండి.

మీరు చూడాల్సింది మొదటి పేజీ కాదు. లోపల టౌన్‌షిప్ పేరుతో ఒక కాలమ్ ఉంటుంది. ఎవరింటికి ఆదివారం ఎవరొచ్చారు, ఎవరి గుర్రం కుంటుతోంది, ఎవరికి జబ్బు చేసింది అన్నీ అందులోనే. పెళ్లైన ఆడవాళ్లు భర్త పేరుతోనే ఉంటారు. ఆమె సొంత పేరు పెట్టి వెతికితే దొరకదు. సేద్యం మానేసి పోయేటప్పుడు వేసే వేలం ప్రకటనలో నాగళ్ల నుంచి వంటింటి పొయ్యి దాకా జాబితా ఉంటుంది. నెబ్రాస్కా, డకోటాల్లో హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకున్నవాళ్లైతే, పట్టా కోసం పేపర్లో ప్రకటన వేయాల్సి ఉండేది. అందులో నలుగురు సాక్షుల పేర్లుంటాయి. ఆ నలుగురూ పొరుగువాళ్లే.

ఈ పేపర్ల అక్షరాలను చదివింది కంప్యూటర్. చెరిగిన సిరాలో సగం పేర్లు తప్పుగా చదువుతుంది. మా ఇంటిపేరుతో నాకేమీ రాలేదు. అప్పుడు 1885 కాగితంలో రాసుకున్న పొరుగింటి పేర్లు ఒక్కొక్కటే టౌన్‌షిప్ పేరుతో కలిపి కొట్టాను. ఐదో పేరుకు 1887 నవంబరు సంచిక వచ్చింది. కాలమ్‌లో మూడు లైన్లు. ఆ పొరుగింట్లో కంఠసర్పి (డిఫ్తీరియా) తగ్గుముఖం పట్టిందనీ, పక్క పొలం వాళ్లకు మాత్రం ఒకే వారంలో ఇద్దరు చిన్నపిల్లలు పోయారనీ ఉంది. మా వాళ్ల పేరులో రెండు అక్షరాలు తప్పు పడ్డాయి. పిల్లల పేర్లు వేయలేదు. పెద్దది 1885లో రెండేళ్లున్న పాపే. రెండోది ఆ తర్వాత పుట్టి, ఏ సెన్సస్‌కూ అందకుండా వెళ్లిపోయింది.

దొరికిన వెంటనే పేపర్ పేరు, తేదీ, పేజీ, కాలమ్ రాసుకోండి. సెన్సస్ అయితే ఏడాది, కౌంటీ, టౌన్‌షిప్, పేజీ. నేను మొదట్లో రాసుకోక, చూసినదాన్నే మళ్లీ మూడు రోజులు వెతికాను.

జర్మన్ కుటుంబాలైతే జర్మన్ భాషా పేపర్లూ చూడాలి. అవి పాత గోథిక్ అక్షరాల్లో ఉంటాయి. 1918 మేలో అయోవా గవర్నరు బయట ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడొద్దని ఉత్తర్వు ఇచ్చారు. ఇళ్లలో భాష పోవడానికి, పాత కబుర్లు తెగిపోవడానికి అదీ ఒక కారణం.

మూడో బిడ్డ ఇంకా దొరకలేదు. 1915 కార్డులో చర్చి పేరుంది. ఆ చర్చి ఇప్పటికీ ఉందని, పాత రిజిస్టర్లు జర్మన్‌లో ఉన్నాయని వియ్యంకుడు గారు ఫోన్ చేసి కనుక్కున్నారు. వచ్చే జూన్‌లో మనవణ్ని తీసుకుని వెళ్తున్నాం.