వాగు పక్కన ప్లాటా? ముందు టేపు ఎక్కడ పెట్టాలో తెలుసుకోండి

లైసెన్స్‌డ్ సర్వేయర్‌గా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఎండాకాలంలో వాగును చూసి ప్లాటు కొన్నవాళ్లే. సన్నగా పారుతున్న నీటి అంచున టేపు పెట్టి, "తొమ్మిది మీటర్లు వదిలాం కద సార్" అంటారు. కొలవాల్సింది నీటి అంచు నుంచి కాదండీ, వాగు హద్దు నుంచి. అది ఊరి నక్షలో చూడాలి. తహసీల్దార్ ఆఫీసులో సర్వేకి దరఖాస్తు పెట్టి, ఇరిగేషన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) కూడా రమ్మని అడగండి. ఇద్దరి ముందే రాళ్లు పాతించండి.

తెలంగాణలో 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీఓ 168 ప్రకారం వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, అంతలోపైతే 2 మీటర్లు వదలాలి. చెరువులకు లెక్క వేరు. 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9. వదిలిన జాగాను పచ్చగానే ఉంచాలి. లేఅవుట్‌లో దాన్ని ఓపెన్ స్పేస్ కింద చూపించుకోవచ్చు గానీ ఇంటి సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో) కలపడం కుదరదు. ప్లాన్లు ఎక్కువగా ఇక్కడే తిరిగొస్తాయి.

ఇక మొక్కలు. దయచేసి శుభ్రం చేద్దామని జేసీబీ దింపకండి. గట్టును పట్టుకుని ఉన్నది ఆ వేళ్లే. పాత కానుగ, తెల్లమద్ది, ఈత ఉంటే అలాగే ఉంచండి. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. లొట్టపీసును మాత్రం తీసేయాల్సిందే, అదీ ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. నరికిన ముక్కలు నీళ్లలో పడితే మళ్లీ చిగురిస్తాయి, అందుకే దూరంగా తీసుకెళ్లి ఎండబెట్టండి.

తొలకరి పడ్డాక గట్టు వాలుకు అడ్డంగా వట్టివేరు నాటండి. ఆకుల్ని జానెడు ఉంచి కోసి, రెండు మూడు పిలకలు కలిపి 10–15 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. దానికి పైన వావిలి, కానుగ, ఇంకా పైన తెల్లమద్ది, నేరేడు. వాగు మధ్యలో మాత్రం ఏదీ నాటొద్దు, వరదకు అడ్డం పడుతుంది. సుబాబుల్, కోనోకార్పస్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

మొదటి ఏడాది మేకలు రాకుండా కంప కట్టండి. ఎండిన పిలకల చోట వానలు ఆగకముందే కొత్తవి పెట్టేయండి.